అవ్వ అడిగిన వేరే ప్రాయశ్చిత్తం

గుడిలో ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసి, పాపాలన్నీ చెప్పుకుని వచ్చిన రోజు మా అవ్వ ముఖం చూడాలంటే నాకు ఏవగింపుగా ఉండేది. తలంటుకుని వచ్చినదానిలా నిగనిగలాడుతూ ఉండేది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "జర చక్కెర ఎక్కువేసి చాయ్ పెట్టు" అని అమ్మకు కేక వేసేది. ఆ చాయ్ సాసర్లో పోసుకుని జుర్రుకుంటూ, చెంగుతో మూతి తుడుచుకుంటూ, "పానం అల్కగైంది బిడ్డా" అని నాతో అనేది. పొద్దుగూకేసరికి ఆ తేలికైన ప్రాణంతోనే అమ్మను దెప్పడం మొదలుపెట్టేది. నెలకొకసారి గుడికి వెళ్లి కడుక్కుని రావడం, ఇంటికొచ్చి మళ్లీ పూసుకోవడం. చిన్నప్పటి నుంచి నేను చూసింది ఇదే.

అవ్వ అంటే బాపు తల్లి, మా నానమ్మ. మా ఇల్లు శామీర్‌పేట దాటాక కోళ్ల ఫారాల వైపు వెళ్లే రోడ్డు మీద ఉంది. బాపు ఆ ఫారాల నుంచి గుడ్లు ట్రాలీ ఆటోలో తీసుకెళ్లి అల్వాల్, మచ్చ బొల్లారం దుకాణాల్లో వేసి వస్తాడు. అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. నేను మేడ్చల్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. మాట్లాడాల్సిన అవసరం తక్కువగా ఉంటుందనే ఆ ఉద్యోగంలో చేరాను. మా వీధి మొత్తంలో కథోలికులం మేమే. పక్కింటామె అప్పుడప్పుడు గోడ మీద మోచేతులు పెట్టి, "ఫాదర్ చెవుల ఏస్తే అన్ని మాఫేనా? మస్తుంది మీ పని. మా దేవుండ్లు గింత సులువుగ ఇడ్వరు" అని నవ్వేది. అమ్మ కూడా నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

జ్ఞానోపదేశం క్లాసులో సిస్టర్ మాకు వేరేలా చెప్పింది. పాపసంకీర్తనం అంటే గాయాన్ని కడిగి కట్టు కట్టడం లాంటిదని, కుటుంబంలో అందరూ చేస్తే ఇల్లంతా ఆరోగ్యంగా ఉంటుందని. ఎవరి గాయం అని అడగాలనిపించింది. నేను అడిగే పిల్లను కాదు. పుస్తకం మూసి కూర్చున్నాను.

మా ఇంట్లో గాయం ఎక్కడుందో నాకు తెలుసు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, పెళ్లయి చాన్నాళ్లయినా మా మేనత్తకు పిల్లలు లేరు. పెళ్లికి ముందు నెలసరి సరిగా రాక ఆమెను కొన్నాళ్లు ఆస్పత్రికి తిప్పారు. ఆ సంగతి మా ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఎలాగో అది మేనత్త అత్తగారి చెవిన పడింది. రోగం దాచి పిల్లను అంటగట్టారని వాళ్లు గొడవ చేశారు. మేనత్త ఏడుస్తూ మా ఇంటికి వచ్చి ఎవరు చెప్పారో తేల్చమంది. అవ్వ కళ్లు అమ్మ మీద నిలిపింది. "ఇంకెవరంటరు? కన్నోళ్లు అంటరా?" అంది.

ఆ రోజు నుంచి మేనత్త మా గుమ్మం తొక్కలేదు. బాపు అమ్మతో సరిగా మాట్లాడలేదు. కూరలో ఉప్పెక్కువైనా, గ్యాస్ అయిపోయినా ఆయన నోటికి ఒకటే మాట వచ్చేది: "నీ నోటికే నా చెల్లె దూరమైంది." బ్లౌజు కొలతలు తీసేటప్పుడు కూడా రెండు మాటలకు మించి మాట్లాడని అమ్మకు, మా ఇంట్లో నోరు ఆగనిదని పేరు. మొదట్లో "నేననలే" అనేది. కొంతకాలానికి అది కూడా మానేసింది. ఆ మాట తనది కాదని ఈ ఇంట్లో ఒక్కరైనా పైకి అంటే చాలని అమ్మ ఎదురుచూస్తోందని నాకు తెలుసు. నేను అన్నాను, రెండుసార్లు, బాపుతో. "చిన్నదానివి, నీకేం తెల్సు" అన్నాడు. నిజంగానే నాకు ఏమీ తెలియదు. అమ్మ మీద నమ్మకం తప్ప.

ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే ఈ తపస్సు కాలంలో తెలిసింది.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం లోపే మా గుడిలో అందరికీ పాపసంకీర్తనాలు పెడతారు. అవ్వకు వినికిడి తక్కువ. తక్కువ వినబడేవాళ్లు గట్టిగా మాట్లాడతారు గనుక, మా ఫాదర్ ఎప్పుడూ ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి వింటాడు. ఆ రోజు జనం ఎక్కువని వేరే ఊరి నుంచి ఇంకో ఫాదర్ కూడా వచ్చి ఆ గదిలో కూర్చున్నాడు. మా ఫాదర్ హాలు మూలన కుర్చీ వేసుకున్నాడు. మధ్యలో ప్లైవుడ్ తడిక, దానికి జాలీ, ఇటు పక్క మోకరించడానికి పీట. వరుసలో అవ్వ, ఆమె వెనక అమ్మ, అమ్మ వెనక నేను. ఇంకోవైపు యువతీయువకులు తబలా, కీబోర్డుతో ఈస్టర్ పాటలు నేర్చుకుంటున్నారు. ఆ మోతలో అవ్వ ఎంత గట్టిగా చెప్పుకున్నా ఎవరికీ వినబడదని ఫాదర్ అనుకుని ఉంటాడు.

పాట ఆపి వాళ్లు చాయ్‌కి లేచారు. అవ్వకు పాట ఆగిన సంగతి తెలియలేదు.

"జపమాల కూటంల ఆమెకు జెప్పిన ఫాదరయ్యా," అంటోంది. "ప్రార్థన జేస్తదని జెప్పిన. నా బిడ్డకు పెండ్లికి ముందు నుంచే గట్లుండె, జర దేవునికి మొక్కమ్మా అన్న. ఆమె పోయి గాల్ల అత్తకు జెప్పింది. బిడ్డ అచ్చి అడిగితే నాకు భయమైంది. నా కోడలి మీదికి నూకిన."

మా జపమాల కూటాల్లో అదొక పద్ధతి. ప్రార్థన పూర్తయ్యాక ఒక్కొక్కరు తమ విన్నపం చెప్పాలి. ఫలానా ఆయన తాగుడు మానాలని, ఫలానా పిల్ల ప్రేమ వదిలేయాలని. వీధిలో చెబితే చాడీ అయ్యే మాట అక్కడ చెబితే భక్తి అవుతుంది. అందరూ కళ్లు మూసుకుని "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అంటారు, చెవులు మాత్రం ఎంత తెరుచుకుంటారో. మా మేనత్త గర్భం అలా ఒక విన్నపమై ఊళ్లు తిరిగింది.

ఫాదర్ గొంతు తగ్గించే మాట్లాడాలని చూశాడు. అవ్వ "ఆఁ? ఏంది?" అంటుంటే ఆయన కూడా పెంచక తప్పలేదు.

"మీ కొడుకుకి, కూతురికి నిజం చెప్పాలమ్మా. మీ కోడలి మీద పడ్డ నింద తీసేయాలి. అదే మీ ప్రాయశ్చిత్తం."

"గదొక్కటి వద్దు ఫాదరయ్యా. ఇంకోటియ్యి. శుక్కురారం మంచినీళ్లు గూడ ముట్ట."

"ఉపవాసం కాదమ్మా. చెప్పాలి."

"కొడుకుకు జెప్తే వాడు నన్ను మనిషిగ జూస్తడా?"

"దేవుడు చూస్తాడు కదా."

"దేవుడు జూస్తే జూసె, బువ్వ పెట్టేది కొడుకే గద ఫాదరయ్యా."

"ఈస్టర్ లోపల చెప్పి రండి. అప్పుడు పాపక్షమ ఇస్తాను. అప్పటిదాకా సత్ప్రసాదం తీసుకోకండి" అన్నాడు ఫాదర్.

నా వెనకున్న ఆడవాళ్లలో ఒకామె జపమాల పూసలు గబగబా తిప్పుతోంది. ఇంకొకామె పైకప్పు వైపు చూస్తోంది. ఎవరికీ ఏమీ వినబడలేదన్న ముఖాలతో, ఒక్క అక్షరం పోకుండా వింటున్నారు. నేను అమ్మ మెడ వెనక భాగం చూస్తూ నిలబడ్డాను. కొంగు కింద జుట్టు ముడి కదలలేదు. అవ్వ లేచి, మోకాళ్లు పట్టుకుంటూ మమ్మల్ని దాటి వెళ్లింది. అమ్మ వంతు వచ్చింది. వెళ్లి మోకరించింది. ఏం చెప్పుకుందో నాకు తెలియదు. త్వరగానే లేచి వచ్చింది.

నేను లోపలికి వెళ్లలేకపోయాను. వరుస తప్పుకుని బయటికి వచ్చి, చెప్పుల దగ్గర నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక వంటింట్లో అమ్మ పక్కన చేరి, "అమ్మా, అవ్వ..." అన్నాను.

"నోర్ముయ్," అంది. గొంతులో కోపం లేదు. "గది గుళ్లె మాట."

"నువ్విన్నవు కదా."

"నేనినలే. నువ్వు గూడ ఇనలే. ఉల్లిగడ్డలు కొయ్యి."

మాకు సిస్టర్ నేర్పింది అదే. పాపసంకీర్తనంలో చెప్పిన మాట ఫాదర్ బయటపెట్టకూడదు. పొరపాటున పక్కవాళ్ల చెవిన పడితే వాళ్లు కూడా బయటపెట్టకూడదు. అమ్మకు ఇన్నేళ్లుగా కావలసిన మాట ఆమె చెవిలోనే పడింది. కానీ దాన్ని వాడుకునే హక్కు ఆమెకు లేదు. రోజూ ఏదో ఒకటి డైరీలో రాసుకునే నేను ఆ రాత్రి తేదీ వేసి పేజీ ఖాళీగా వదిలేశాను. దేవుడి మీద కూడా అసహ్యం వేసింది. ఇంత అన్యాయమైన నియమం పెట్టినందుకు.

ఆ తర్వాత అవ్వ మొదలుపెట్టిన నాటకం చెప్పడానికి కూడా వెగటుగా ఉంది. చెప్పమన్న ఒక్క పని తప్ప అన్నీ చేసింది. ఆకువక్క మానేసింది. ఎండలో చెప్పుల్లేకుండా శిలువ మార్గం నడిచింది, ఇంటికొచ్చి బొబ్బలు అందరికీ చూపించింది. తన ప్లేటులోని గుడ్డు తీసి అమ్మ ప్లేటులో వేసి, "తిను బిడ్డా, పొద్దందాక మిషిన్ తొక్కుతవు" అంది. బిడ్డా! అమ్మను ఆమె అలా పిలవడం నేను మొదటిసారి విన్నాను. ఎంగిలి వేలి ముద్రలున్న ఆ గుడ్డును అమ్మ పక్కకు జరిపి అన్నం తింది. బాపుకు మాత్రం ముచ్చటేసింది. "అవ్వ మస్తు మారింది. నువ్వే ఇంకా ముఖం ముడుసుకుంటున్నవు," అన్నాడు అమ్మతో.

మట్టల ఆదివారం పూజలో ఫాదర్ పంచే సత్ప్రసాదపు అప్పం అందుకోవడానికి అందరూ లేచారు. అవ్వ బెంచీ మీదే కూర్చుంది. బాపు వంగి "రావా?" అని అడిగితే మోకాళ్లు చూపించింది. నడవలేని ముసలివాళ్ల దగ్గరికి ఫాదరే వస్తాడన్న సంగతి ఆమె మరిచిపోయింది. ఆయన పాత్ర పట్టుకుని మా బెంచీ వైపు రావడం చూసి, చప్పున కళ్లు మూసి తల వాల్చేసింది. ఫాదర్ ఒక్క క్షణం నిలబడి ముందుకు సాగిపోయాడు. అవ్వ ఎడమ కన్ను సందులోంచి ఆయన వెళ్లాడో లేదో చూసుకోవడం నేను చూశాను. నవ్వు రావాల్సింది. ఆమెకు దూరంగా జరిగాను.

ఈస్టర్ ముందటి పవిత్ర వారంలో కాలేజీకి సెలవిచ్చారు. అమ్మ దుకాణానికి వెళ్లిన సమయం చూసి అవ్వ నా గదిలోకి వచ్చింది.

"బిడ్డా, నన్ను అల్వాల్ దిక్కు గుడికి తోల్కపో."

"మన గుడి ఉంది కదా అవ్వా."

"ఆడ కేరళ ఫాదరున్నడట. మంచోడట. తెలుగు సగమే సమజైతదట."

ఎందుకో నాకు అర్థమైంది. ఇక్కడ ఇచ్చిన ప్రాయశ్చిత్తం నచ్చక, ఇంకోచోట చవకగా దొరుకుతుందేమో చూడబోతోంది. చీరల దుకాణం మారినట్టు. కాదనాలనుకున్నాను. పెద్దవాళ్లకు కాదని చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. స్కూటీ తీశాను. తుంకుంట, హకీంపేట దాటి అల్వాల్ వెళ్లేదాకా నా భుజం మీద ఆమె చేయి. ఆ చేయి తగులుతున్నంతసేపూ భుజం ముడుచుకుని బండి నడిపాను.

అక్కడి ఫాదర్ ఆమెను చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుని చెవి వంచి విన్నాడు. నేను వాళ్ల మాటలు అందనంత దూరంలో, గేటు దగ్గర బండి మీద కూర్చున్నాను. అవ్వ చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. ఆయన రెండే రెండు మాటలు అన్నాడు. ఆమె మళ్లీ ఏదో అడిగింది. ఆయన అడ్డంగా తల ఊపి చేతులు జోడించాడు.

అవ్వ కాళ్లీడ్చుకుంటూ వచ్చి బండెక్కింది.

"ఏమైంది అవ్వా?"

"ఏమైతది. అందరు ఒకటే సదువు సదివిర్రు," అని గొణిగింది.

తిరుగుదారిలో బొల్లారం రైల్వే గేటు పడింది. ఇంజన్లు ఆపేసి అందరం ఆగాం. అవ్వ నా చెవి దగ్గరికి వంగి, "నా ముచ్చట నాకు, ఫాదరయ్యకు, దేవునికే తెల్సు. జెప్పకపోతే ఎవరికేం నష్టం బిడ్డా?" అంది. చుట్టుపక్కల బైకుల మీది వాళ్లందరూ మా వైపు చూశారు. ఆమె మాత్రం గుసగుసగానే మాట్లాడానని అనుకుంటోంది.

నేను ముందుకు చూస్తూనే ఒక్క మాట అన్నాను. ఆమెకు వినబడేంత గట్టిగా అనాల్సి వచ్చింది. నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఆ రోజు నీ వెనక లైన్‌లో అమ్మ ఉంది అవ్వా. పాట ఆగిపోయింది."

రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది. నేను నియమం తప్పానో లేదో ఇప్పటికీ తెలియదు. అవ్వ చెప్పిన మాట ఒక్కటీ నేను తిరిగి అనలేదు. అవ్వ నా భుజం మీద చేయి తీసేసి, వెనక స్టాండు పట్టుకుంది.

ఆ సాయంత్రం బాపు అన్నానికి కూర్చున్నాడు. ఎప్పటిలాగే అమ్మ నిలబడి వడ్డిస్తోంది. తను అందరి తర్వాత తింటుంది. అవ్వ ముద్ద కలుపుతూ, ప్లేటులోకే చూస్తూ, కూరగాయల ధర చెబుతున్నట్టు చెప్పింది.

"అరేయ్, గప్పుడు చెల్లె ముచ్చట ఆల్లింట్ల ఎర్కైంది సూడు. గది నేనే అన్న. కూటంల ప్రార్థన జెయ్యమని ఒకామెకు జెప్పిన. కోడలనలే."

బాపు చేయి ఆగింది. అవ్వ వైపు చూశాడు. అమ్మ వైపు చూడలేదు. ఇప్పుడు చూస్తాడు, ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడేదో అంటాడు అని నేను గోడకు ఆనుకుని ఎదురుచూశాను. ఆయన గొంతు సవరించుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఎప్పటి ముచ్చటనో ఇప్పుడెందుకే. జర సల్ల పొయ్యి," అన్నాడు.

మా అవ్వ మీద నాకున్న అసహ్యం అంతా ఒక్కసారిగా పక్కకు జరిగి, బాపుకు చోటిచ్చింది.

అమ్మ చల్ల గిన్నె కింద పెట్టింది.

"పొయ్య," అంది.

బాపు తలెత్తాడు.

"ముందుగాల నీ చెల్లెకు ఫోన్ జెయ్యి. గదే మాట మీ అవ్వను ఆమెకు గూడ జెప్పమను. నా ముంగట."

"పండుగ పూట లొల్లెందుకే?"

"లొల్లి నేను జేస్తలేను. ఇన్ని దినాలు గది గుళ్లె మాట. నా నోటికి తాళమున్నది. ఇప్పుడు మీ అవ్వ అన్నం కాడ అన్నది. ఇగ నాక్కూడ మాట్లాడే హక్కున్నది."

అప్పుడు బాపుకు అర్థమైంది, అమ్మకు ఇది ముందే తెలుసని. ఎడమ చేత్తో ఫోన్ తీశాడు. స్పీకర్ పెట్టమంది అమ్మ. మేనత్త ఎత్తగానే అవ్వ ముందుకు వంగి, వీధికంతా వినబడేలా ఆ నాలుగు మాటలే మళ్లీ చెప్పింది. చివర "దేవుడు నన్ను మాఫ్ జేస్తడు తీ" అని తానే కలుపుకుంది.

ఫోన్ కట్ అయిందేమో అనుకున్నాం.

"వదినె ఉన్నదా ఆడ?" అంది మేనత్త.

అమ్మ ఫోన్ తీసుకుంది. స్పీకర్ ఆపేసి, వెనక తలుపు తీసుకుని బట్టలుతికే బండ వైపు వెళ్లింది. బాపు ప్లేటులో చేయి ఆరిపోతోంది. లేవడానికీ లేదు, తినడానికీ లేదు. అవ్వ మాత్రం తన ముద్ద పూర్తి చేసింది. వేళ్లు నాకింది. నేను కళ్లు తిప్పుకున్నాను.

అమ్మ తిరిగి వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఈస్టర్‌కు వస్తదట," అంది.

"అయితే మటన్ తెస్తా," అన్నాడు బాపు చప్పున.

"మటన్ ముచ్చట తర్వాత. నీ నోటికే నా చెల్లె దూరమైందని గిన్నేండ్ల నుంచి అన్నవు గద? ఇప్పుడేమంటవో అను."

బాపు అవ్వ వైపు చూశాడు, నా వైపు చూశాడు, దండెం మీది తువ్వాలు వైపు చూశాడు. "తప్పైంది," అన్నాడు చివరికి. మజ్జిగ అడిగినంత గొంతుతో కూడా అనలేదు. ఇన్నేళ్లకు ఇంత చిన్న మాటా అని నాకు ఒళ్లు మండింది. దాన్ని తీసుకెళ్లి మళ్లీ బాగా చెప్పి తెమ్మనాలనిపించింది. అమ్మ అలా అనుకోలేదు. ఆయన ప్లేటులో చల్ల పోసింది. తర్వాత తనకూ ఒక ప్లేటు తెచ్చుకుని, మా మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. ఆకలి మీదున్న మనిషిలా అన్నం పెట్టుకుంది.

అవ్వ చేయి కడుక్కుని వచ్చి నా పక్కన చేరింది. ముఖం అప్పుడే నిగనిగలాడుతోంది.

"పానం అల్కగైంది బిడ్డా. రేపు జర జల్ది లే. గుడికి తోల్కపో, ఫాదరయ్యకు జెప్పాలె, అయిపోయిందని."

ఆమె ఇది భయపడి చెప్పిందో, బాధపడి చెప్పిందో, ఎలాగూ తెలిసిపోయిందని చెప్పిందో నాకు తెలియదు. ఫాదర్‌కు అది చాలేమో. నాకు చాలలేదు.

"ఆటోల పో అవ్వా," అన్నాను.

"ఆఁ? ఏంది?"

ఇంకొంచెం గట్టిగా, "ఆటోల పో," అన్నాను.

పెద్దవాళ్లతో అట్లా మాట్లాడొద్దని అమ్మ నన్ను మందలిస్తుందనుకున్నాను. అమ్మ తలెత్తకుండా ఇంకో ముద్ద కలుపుకుంది.